సూర్రావు ఫోటో వేసిన ఆదివారం

బుధవారం ఉదయం పదకొండు గంటల వేళ ఒకావిడ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చి, ఆదివారం నాటి మా పేపరు నా బల్ల మీద పెట్టింది. నాలుగు మడతలు పెట్టి ఉంది. పై మడతలో ఆవిడ భర్త ఫోటో. ఫోటో పక్కన నేను పెట్టిన శీర్షిక: "సారాను జయించిన సూర్రావు".

"ఇది రాసింది మీరేనా బాబూ?"

నేనేనన్నాను. మెచ్చుకోవడానికి వచ్చిందనుకున్నాను. మూడు రోజులుగా మెచ్చుకోళ్ళు వింటూనే ఉన్నాను మరి. కుర్చీ చూపించాను. ఆవిడ కూర్చోలేదు.

"నిన్న తాగీసినాడు. పొద్దున్న లెగిసి మల్లీ తాగినాడు. రేపు ఓడ మీద బరువులెత్తే విన్చి ఎక్కుతాడంట. మీ పేపరు సూసి ఆఫీసరుగారు ఎక్కమన్నారంట. సెయ్యి సూత్తే ఇలగిలగ వొణుకుతంది. కింద పదిమంది మడుసులుంటారు బాబూ. నానేటి సెయ్యాల?"

ఆవిడ పేరు పైడమ్మ. రేవులో, ఉక్కు కర్మాగారం పనుల దగ్గర, ఆసుపత్రుల్లో తిరుగుతూ నేను చాలా ఏళ్ళు విలేకరిగా పనిచేశాను. మంత్రుల పర్యటనలు రాశాను, సమ్మెలు రాశాను, తుపానులు రాశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఎప్పుడైనా సలహా అడిగితే వాటిలో ఏదీ చెప్పను. ఆ ఆదివారం నుంచి గురువారం దాకా జరిగింది చెబుతాను. నా చదువంతా ఆ ఐదు రోజుల్లో ఉంది.

అప్పటిదాకా మేం రాసింది

డెబ్బైల్లో నేను చేరినప్పుడు తాగుడు గురించి మా పేపరుకి రెండు రకాల రాతలే తెలుసు. ఒకటి మూడు వాక్యాల చావు వార్త. "తాగిన మైకంలో" అన్న మాటతో మొదలయ్యేది. రెండోది పండగలకీ జయంతులకీ వేసే నీతి వ్యాసం. చావు వార్తలో మనిషి ఉండేవాడు గానీ, అతనికి ముందూ వెనకా ఉండేది కాదు. నీతి వ్యాసంలో మనిషే ఉండేవాడు కాదు.

ఒకసారి ఊరి బయట కల్తీ సారా తాగి కొందరు చనిపోయారు. ఆసుపత్రి వరండాలో నిలబడి పోయినవాళ్ళ పేర్లు రాసుకున్నాను. బతికి బయటపడ్డవాళ్ళ పేర్లు కూడా రాసుకున్నాను. వారం తిరక్కుండా ఆ బతికినవాళ్ళలో ఇద్దరు మళ్ళీ అదే కొట్టు ముందు కనిపించారు. వాళ్ళని చూసి, "వీళ్ళకి బుద్ధి రాదు" అనుకుని సైకిలు తొక్కుకుంటూ వెళ్ళిపోయాను. పక్కవాడి చావు కళ్ళారా చూసిన మనిషి మళ్ళీ అక్కడికి ఎందుకు వచ్చాడు? ఆ రోజు నా ఎదుట ఉన్న అసలు ప్రశ్న అదొక్కటే. నేను అడగలేదు. మా ఆఫీసులోనూ ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్నకి జవాబు మొదటిసారి ఒక నర్సు దగ్గర విన్నాను. అది చెప్పేముందు సూర్రావు పని సంగతి చెప్పాలి.

విన్చి, సిగ్నలు

ఆ రోజుల్లో ఎరువు బస్తాలతో ఓడ వచ్చిందంటే, సరుకు దింపడానికి గ్యాంగుగా మనుషులు ఎక్కేవారు. కొందరు ఓడ అడుగున హోల్డులోకి దిగి, బస్తాలని తాళ్ళ వలలో పేర్చేవారు. పైన డెక్కు మీద విన్చి నడిపే మనిషి ఆ వలని ఎత్తి, రేవు గట్టు మీదకి తిప్పి దించేవాడు. ఇందులో ఒక చిక్కుంది. విన్చి దగ్గర కూర్చున్నవాడికి హోల్డు అడుగు కనిపించదు. అంచున సిగ్నల్‌మాన్ నిలబడి కిందికి చూస్తూ చేత్తో చెబుతాడు. అరచెయ్యి పైకి తిప్పితే ఎత్తు, కిందికి తిప్పితే దించు, పిడికిలి మూస్తే ఆపు. విన్చి మీద ఉన్నవాడు ఆ చేతిని నమ్మి పనిచేస్తాడు. కింద ఉన్నవాళ్ళ ప్రాణాలు ఆ నమ్మకం మీద ఉంటాయి.

సూర్రావు ఎనిమిదేళ్ళు విన్చి నడిపాడు. సిగ్నల్‌మాన్ రాములు. పైడమ్మకి అన్న, సూర్రావుకి బావ. ఇద్దరిదీ గాజువాకలో ఒకే వీధి. ఊళ్ళో పొలం పనుల్లోంచి ఒకే ఏడు వచ్చి రేవులో చేరారు. వాళ్ళ జంట పని చేస్తుంటే చూడడం నాకు ఇష్టంగా ఉండేది. మాటలుండవు. ఒక చెయ్యి కదులుతుంది, టన్ను బరువు గాల్లో ఆగుతుంది.

ఒక ఉదయం రాములు పిడికిలి మూశాడు. బరువు ఆగలేదు. వల ఊగి హోల్డు అంచుకి కొట్టుకుని, బస్తాలు పగిలి కిందపడ్డాయి. కింద ఉన్నవాళ్ళు పక్కకి దూకారు కాబట్టి బతికారు. తరవాత రాములు నాతో అన్న మాట ఇది:

"బావ సూడనేదని కాదు బాబూ. సూసినాడు. నా పిడికిలి సూత్తానే ఉన్నాడు. సూసి కూడా సెయ్యి ఆలీసెవయింది."

అప్పటికి సూర్రావు పొద్దున్నే రెండు గ్లాసులు పడితే గానీ చెయ్యి నిలవని స్థితికి వచ్చాడు. విన్చి మీంచి దించి గట్టు మీద బస్తాలు సర్దే పనిలో వేశారు. జీతం తేడా కన్నా ఆ దిగడం అతన్ని ఎక్కువ కోసింది. గట్టు మీద నిలబడి, వేరేవాడు నడిపే విన్చి వైపు చూస్తూ ఉండేవాడు.

గ్రేసమ్మ సిస్టరు నల్లబల్ల

గ్రేసమ్మ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. శనివారం మధ్యాహ్నం డ్యూటీ దిగాక రేవు దగ్గర ఒక పాత గోడౌను గదిలో తాగుడు మానదలచుకున్నవాళ్ళని కూర్చోబెట్టేది. ఆ పని ఆవిడకి ఎవరూ అప్పగించలేదు. ముందు అందర్నీ ఆసుపత్రికి పంపేది. ఏళ్ళ తరబడి తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి, ప్రాణమే పోవచ్చు. మానిన మొదటి పది రోజులు డాక్టరు చేతిలో గడవాలి. సూర్రావు కూడా అలాగే గడిపి వచ్చాడు.

"ఆ పది రోజులూ సులువు తమ్ముడూ. ఆసుపత్రిలో సారా కొట్టు లేదు కదా. పదకొండో రోజు సంగతి మాట్లాడదాం," అనేది.

ఆ గదికి వెళ్ళిన మొదటి రోజు నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. ప్రతిజ్ఞలు చేయిస్తుందనుకున్నాను. ప్రతిజ్ఞ లేదు, దేవుడి పటం లేదు. నల్లబల్ల మీద రేవు గేటు నుంచి గాజువాక దాకా రోడ్డు గీసింది. సుద్దముక్క సూర్రావు చేతికిచ్చి, దారిలో ఎక్కడెక్కడ గొంతెండుతుందో అక్కడ చుక్క పెట్టమంది. అతను ఏడు చుక్కలు పెట్టాడు. చివరిది గాజువాకలో బస్సు దిగే చోట. బస్సు సరిగ్గా సారా కొట్టు ముందే ఆగేది.

"ఎందుకు తాగుతున్నావని నేను అడగను. దానికి నీ దగ్గర వంద జవాబులుంటాయి, అన్నీ నిజమే అయి ఉంటాయి. ఎక్కడ, ఎన్నింటికి, ఎవరి పక్కన. అంతవరకు చెప్పు," అంది.

ఆ రోజు తేలింది ఏమిటంటే, సూర్రావు ఇకమీదట గాజువాక రాకముందే, ఆటోనగర్ దగ్గర బస్సు దిగి, షెడ్ల వెనకనుంచి నడిచి ఇంటికి పోవాలి. అంతే. ఇంత చిన్న సంగతా అనుకున్నాను. వార్తకి పనికిరాదని కూడా అనుకున్నాను.

కల్తీ సారా కొట్టుకి తిరిగి వచ్చిన ఆ ఇద్దరి సంగతి ఆవిడని అడిగాను. ఆవిడ చెప్పింది ఇది: వాళ్ళకి చావు భయం లేక కాదు. భయం తలలో ఉంటుంది. అలవాటు కాళ్ళలో, చేతుల్లో, సాయంత్రం ఐదు గంటల్లో ఉంటుంది. కొన్నాళ్ళు పోయాక మనిషి సుఖం కోసం తాగడు, వణుకు ఆగడానికి తాగుతాడు. బుద్ధి చెప్పడం వల్ల వణుకు ఆగదు. ఐదు గంటలకి చెయ్యడానికి ఇంకో పని చేతికి నేర్పాలి. సైకిలు నేర్పినట్టు నేర్పాలి. పడతారు, మళ్ళీ ఎక్కించాలి.

నేర్పడం ఎలా ఉండేదో ఒక శనివారం చూసింది చెబుతాను. రాములు గ్యాంగులో సావాసగాడిలా నటించాలి. సూర్రావు కాదనాలి.

"రా బావా, ఒక్క గ్లాసే."

"నేదు బావా. ఒంట్లో బాగునేదు."

"బాగునేకపోతేనే కదేటి తాగాల! మందది!"

గదంతా నవ్వింది. సిస్టరు నవ్వలేదు. "చూశావా? నువ్వు కారణం చెబితే దానికి జవాబు వాడి దగ్గర సిద్ధంగా ఉంటుంది. కారణం చెప్పకు. తాగను, వెళ్తున్నా. అంతే."

"తాగను. ఎల్తన్నాను."

"అబ్బో! ఏటీ పెద్దమడిసి తరహా? పెళ్ళాం కొడతాదేటి?"

"కొడతాది. నీ సెల్లే కదా, నీకు తెల్దా?"

ఈసారి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. అది తగ్గాక సిస్టరు అంది: "జవాబు బాగుంది. కానీ నువ్వింకా కుర్చీలోనే ఉన్నావు. నోటికన్నా ముందు కాళ్ళు కదలాలి. లే."

ఆ రోజు ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను. వార్తలో వాడలేదు.

వాళ్ళిద్దరూ తమకు తాముగా ఇంకో ఏర్పాటు చేసుకున్నారు. గట్టు మీద పనిలో ఉండగా సూర్రావుకి తాగాలని బలంగా అనిపిస్తే, డెక్కు మీదున్న రాములు వైపు పిడికిలి మూసి చూపిస్తాడు. చేతిలో ఉన్న బరువు దిగాక రాములు కూడా పిడికిలి మూస్తాడు. ఆపు, అని. వీలైతే దిగి వచ్చి పక్కన నిలబడతాడు. లేకపోతే ఆ పిడికిలే.

"అది వొచ్చినప్పుడు లోడు గాల్లో ఉన్నట్టుంటాది బాబూ," అని సూర్రావు నాకు వివరించాడు. "దించేత్తే సులువే. కానీ కింద మడుసులున్నారు. అలగే పట్టుకోవాల. ఓ అరగంట పట్టుకుంటే బరువు తగ్గిపోద్ది. సిత్రం, దానంతటదే తగ్గిపోద్ది."

పేరు, ఫోటో

నాలుగు నెలలు గడిచాయి. సూర్రావు ముఖం తేటపడింది. వచ్చే నెలలో విన్చి మీదకి తీసుకోవచ్చని ఆఫీసరు అన్నట్టు తెలిసింది. నేను మొదటిసారిగా, చావు వార్తా నీతి వ్యాసమూ కాని మూడో రకం రాయబోతున్నానని సంబరపడ్డాను. "రేవు కార్మికుడు ఒకరు" అని రాసి ఇచ్చాను. మా న్యూస్ ఎడిటరు కాగితం తిరిగి నా ముందు పడేశారు.

"ఎవరయ్యా ఈ ఒకరు? పేరు లేని మనిషిని ఎవడు నమ్ముతాడు? పేరు రాయి. ఫోటో తీయించు. ఆదివారం వేద్దాం."

ఆయన చెడ్డవాడు కాదు. పేరు, ఊరు, వయసు లేనిది వార్త కాదని మా అందరికీ నేర్పింది ఆయనే. పోలీసుల విషయంలో, కంట్రాక్టర్ల విషయంలో ఆ సూత్రం మమ్మల్ని ఎన్నోసార్లు కాపాడింది. అందుకే అది ఇక్కడ పనికిరాదన్న సందేహం నాకు రాలేదు.

గ్రేసమ్మకి చెబితే ఆవిడ వద్దంది. "పేరు వద్దు. ఫోటో అసలే వద్దు. గెలిచాడని రాయకండి, ఇందులో గెలవడం ఉండదు."

ఆవిడది వినయం అనుకున్నాను. సూర్రావుని అడిగాను. తెల్లచొక్కా వేసుకుని, తల దువ్వుకుని ఫోటోకి నిలబడ్డాడు. అతని ఒప్పుకోలు నా దగ్గర ఉంది కదా అని చాలాకాలం నన్ను నేను సమర్థించుకున్నాను. కాని ఎవరైనా పేపర్లో ఫోటో వేస్తామంటే కాదంటారా? ఒప్పుకోలు తీసుకోవడం తేలిక. ఆ వార్త అచ్చయ్యాక ఆ మనిషి రోజు ఎలా ఉంటుందో ఊహించాల్సింది అతను కాదు, నేను. ఎన్ని వార్తల తరవాత ఎంతమంది రోజులు ఎలా మారాయో చూసినవాణ్ణి నేను.

శీర్షికలో "జయించిన" అన్న మాట కూడా నాదే. ఎడిటరు అడగలేదు.

బుధవారం

పైడమ్మ నన్ను కోరింది ఒకటే. నేనే వెళ్ళి ఆఫీసరుకి చెప్పాలి, రేపు తన భర్తని విన్చి ఎక్కించొద్దని. "నాను సెప్పినట్టు తెలిత్తే సిగ్గుతో ఏటైపోతాడో. మీరు సెప్తే పేపరోళ్ళకి ఎలగో తెలిసినట్టుంటాది," అంది.

అది న్యాయంగానే తోచింది. అయినా ముందు పైడమ్మని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళి గ్రేసమ్మకి చెప్పాను. ఆవిడ చేతులు కడుక్కుంటూ అంతా వింది.

"ఒకసారి అతని మాట అతని బదులు మీరు చెప్పేశారు. ఇప్పుడు రెండోసారి కూడా చెబుతారా?"

ఆవిడ తువ్వాలుతో చేతులు తుడుచుకుంది.

"సాయంత్రం లోపల అతనే చెప్పేలా చూద్దాం. చెప్పకపోతే రేపు పొద్దున్న నేను చెబుతాను, మీరు కాదు. కింద మనుషులుండగా ఊరుకోను," అంది.

రెండింటికి ఆవిడ డ్యూటీ దిగింది. ముగ్గురం బస్సులో గాజువాక వెళ్ళాం. సూర్రావు ఇంట్లో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. రాములు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నా గొంతు విని సూర్రావు వెనక్కి తిరక్కుండానే అన్నాడు:

"ఎందుకొచ్చినారు బాబూ? ఇంకో ఫోటోకా?"

సిస్టరు మంచం పక్కన పీట వేసుకుని నాడి చూసింది. ఎంత తాగావు, ఎప్పుడెప్పుడు, ఫిట్స్ ఏమైనా వచ్చాయా, తిన్నావా? తిట్టలేదు. తరవాత ఎప్పటిలాగే అడిగింది: ఎక్కడ, ఎన్నింటికి, ఎవరి పక్కన?

ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆదివారం వీధంతా వచ్చి చూసింది. సోమవారం గ్యాంగు దండ వేసింది. మంగళవారం ఓడలో ఆఖరి బస్తా దిగింది. ఓడ ఖాళీ అయిన సాయంత్రం గ్యాంగంతా కలిసి కొట్టుకి వెళ్ళడం అక్కడి ఆనవాయితీ. ఈ నాలుగు నెలల్లో ఏ ఓడ ఖాళీ అయినా, ఆఖరి వల దిగక ముందే రాములు అతన్ని ఏదో వంకతో గేటు దాటించేసేవాడు. మంగళవారం అది జరగలేదు.

"అందరూ రమ్మన్నారు. పేపరోళ్ళు జయించేసినాడన్నారు గదా, మరి భయమేటి అన్నారు. నాకూ అలగే అనిపించింది. సోడా తాగుతూ కూకుంటాను, సూడండి అన్నాను. కూకున్నాను."

"కూర్చున్నావా," అంది సిస్టరు.

"కూకున్నాను."

"పిడికిలి చూపించలేదా?"

సూర్రావు దుప్పటి ముఖం మీదకి లాక్కున్నాడు. పైడమ్మ గోడకి ఆనుకుని నిలబడి అంది: "ఆదివారం కాడ్నుంచి ఎవరికీ ఏటీ సెప్పనేదమ్మా. ఇంతకుముందు గొంతెండుతంటే మా అన్నకి సెప్పేవోడు, నాకు సెప్పేవోడు. పేపర్లో పడ్డోడు నాకు తాగాలనుందని ఎవులికి సెప్తాడు?"

రాములు తల వంచుకుని ఉన్నాడు. "తప్పు నాదీ ఉందమ్మా. నాను గేటు కాడే ఉన్నాను. బావ కొట్టుకాడికి ఎల్తంటే సూసినాను. సెయ్యి ఎత్తనేదు. నానూ పేపరు నమ్మీసినాను."

నా రాత గురించి ఇంతకన్నా కటువైన విమర్శ నేను ఎప్పుడూ వినలేదు. అతను విమర్శగా అనలేదు కూడా.

సిస్టరు రేపటి సంగతి ఎత్తింది. పైడమ్మ కళ్ళు తుడుచుకుంది. "సెప్తే మరి ఎప్పటికీ ఎక్కనివ్వరేమో. నాలుగు నెల్ల కష్టం పోద్ది."

"పోవచ్చు," అంది సిస్టరు. పోదని అనలేదు.

సూర్రావు లేచి కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూశాడు. "రేపటికి తగ్గిపోద్దేమో," అన్నాడు.

"బావా," అన్నాడు రాములు. "నువ్వు సెప్పకపోతే రేపు నాను సెయ్యి ఎత్తను. ఇంకోణ్ణి ఎట్టుకో."

అప్పుడు సిస్టరు ఎప్పుడూ చేసే పనే చేసింది. రాములుని ఆఫీసరుగా కూర్చోమంది. అతను తువ్వాలు భుజం మీద వేసుకుని, గొంతు బరువు చేసుకున్నాడు.

"ఏం సూర్రావ్! రెడీయా?"

పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ స్థితిలో కూడా నవ్వొచ్చింది ఆవిడకి.

"దొరగారూ, రెండ్రోజుల్నుంచీ ఒంట్లో..."

"కారణం చెప్పకు," అంది సిస్టరు.

"దొరగారూ, అందరూ బలవంతం సేసి..."

"కారణం చెప్పకు."

చాలాసార్లు మొదలుపెట్టి ఆగాడు. చివరికి మంచం మీంచి లేచి నిలబడ్డాడు.

"మంగళారం తాగినాను. ఇయ్యాల తాగినాను. రేపు ఎక్కను."

రాములు నటించడం మానేశాడు. తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

ఆ పూటే సూర్రావుని సిస్టరు ఆసుపత్రికి తీసుకువెళ్ళి డాక్టరుకి చూపించింది. రెండు రోజుల తాగుడే కాబట్టి మందులిచ్చి ఇంటికి పంపారు.

గురువారం

రేవులోకి వెళ్ళడానికి నాకు పాసు ఉండేది. ఆ ఉదయం గట్టు మీద దూరంగా నిలబడ్డాను. జేబులోంచి నోటుబుక్కు తియ్యలేదు.

గ్యాంగులో ఎవడో అరిచాడు: "జయించినోడొచ్చినాడ్రా! విన్చికి దండెయ్యండ్రా!" సూర్రావు వినిపించుకోలేదు. ఆఫీసరు ముందు నిలబడ్డాడు. మాటలు నాకు వినబడలేదు, మూడు ముక్కల్లో అయిపోయాయి. ఆఫీసరు అతని చేతుల వైపు చూశారు. ఆయన కేకలెయ్యలేదు. "చెప్పినందుకు మంచిది. మళ్ళీ పరిశీలిద్దాం," అన్నారని తరవాత రాములు చెప్పాడు.

విన్చి మీదకి వేరే మనిషి ఎక్కాడు. రాములు తన చోట నిలబడి చెయ్యెత్తాడు. సూర్రావు గట్టు మీద బస్తాల దగ్గరికి వెళ్ళాడు. అరగంట తరవాత అనుకుంటాను, పని మధ్యలో తలెత్తి డెక్కు వైపు పిడికిలి మూసి పట్టుకున్నాడు. రాములు వెంటనే స్పందించలేదు. గాల్లో బరువు ఉంది. అది కిందికి దిగి, కొక్కెం ఖాళీగా పైకి వెళ్ళాక, అప్పుడు పిడికిలి మూశాడు.

మధ్యాహ్నం గేటు దగ్గర సూర్రావు నన్ను ఆపాడు.

"బాబూ, నాను తాగినానని కూడా రాయండి. ఆ జయించినాడన్న మాట ఎంత పెద్దగా రాసినారో, ఇదీ అంత పెద్దగా రాయండి. సెప్పేసినానని కూడా రాయండి. అప్పుడు మల్లీ మామూలు మడిసినవుతాను."

రాశాను. అంతకుముందు ఏ వార్తకీ పడనంత కష్టం పడి రాశాను. ఎడిటరు రెండు పేరాలు చదివి కాగితం పక్కన పెట్టారు.

"తాగేవాడు మళ్ళీ తాగాడు. ఇందులో వార్త ఏముందయ్యా? పైగా మొన్న మనమే గెలిచాడని వేశాం. నవ్విపోతారు."

నేను వాదించాల్సింది. ఒక మనిషి తన బతుకులో అన్నిటికన్నా కష్టమైన మాట పదిమంది ముందు నిలబడి చెప్పాడు, వార్త అదే, అని చెప్పాల్సింది. చెప్పలేదు. కొత్తగా చేరినవాణ్ణి కాదు, ఉద్యోగం పోతుందన్న భయం లేదు. నా శీర్షిక తప్పని నా పేపర్లోనే ఒప్పుకోవడం ఇష్టం లేక ఊరుకున్నాను. సూర్రావు చెయ్యగలిగిన పని నేను చెయ్యలేకపోయాను.

ఆ తరవాత వ్యసనాల గురించి ఎప్పుడు రాసినా పేపర్లో పేరు వెయ్యలేదు. ఇక్కడ సూర్రావు పేరు రాయడం అతను గేటు దగ్గర అడిగినందుకే. "జయించాడు", "బానిస", "బుద్ధి తెచ్చుకున్నాడు" అన్న మాటలు వాడలేదు. బస్సు ఎక్కడ దిగాడో రాశాను. ఐదు గంటలకి ఏం చేశాడో రాశాను. అవి పేపర్లో చప్పగా ఉన్నాయని చాలామంది అన్నారు. చప్పగానే ఉంటాయి. కాని అవి చదివి, మా ఆయన కూడా ఆ బస్సే ఎక్కుతాడని గ్రేసమ్మ గదిని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు ఉన్నారు. శీర్షిక చదివి వచ్చినవాళ్ళు నాకు తెలిసి లేరు.

ఇంకొకటి. మనం ఒక మనిషిని చెడుగా రాస్తే అతను వచ్చి దెబ్బలాడతాడు. మంచిగా రాసి చేసిన చెరుపుకి దెబ్బలాడడానికి ఎవరూ రారు. పైడమ్మ రావడం నా అదృష్టం.

సూర్రావు మరుసటి శనివారమే గోడౌను గదికి వచ్చాడు. బల్ల మీద తన రోడ్డు మళ్ళీ గీసి, ఎనిమిదో చుక్క పెట్టాడు. అది ఓడ ఖాళీ అయిన సాయంత్రం. ఆ తరవాత ఇంకా రెండుసార్లు జారాడు. రెండుసార్లూ మర్నాడే వచ్చి చెప్పాడు. నేను రేవు వార్తలు వదిలి వేరే పనికి మారేనాటికి అతను తాగక మూడేళ్ళు దాటింది. అప్పటికీ గట్టు మీదే బస్తాలు సర్దుతున్నాడు. విన్చి సంగతి అడిగితే, "పరిసీలనలో ఉందంటన్నారు బాబూ," అన్నాడు.

ఆ పరిశీలన పూర్తయిందో లేదో నాకు తెలియదు. మా పత్రిక పాత సంచికల బైండులో ఆ ఆదివారం పేజీ మాత్రం ఉంది. తెల్లచొక్కా, దువ్విన తల, పక్కన నా శీర్షిక. దాని కింద చేర్చవలసిన రెండో వార్త ఆ బైండులో ఏ సంచికలోనూ లేదు.